కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులో క్షేమంగా విమానం నడపడం: తిరుపతి వైపు విద్యార్థి పైలట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె వైపు నుంచి పైలట్ శిక్షణకు వెళ్లే పిల్లలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. వీళ్లలో చాలామంది మొదటి గంటలన్నీ టవర్ లేని చిన్న రన్‌వేల మీద ఎగిరి, ఆ తర్వాత క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరే శిక్షణ) కోసం కంట్రోలర్ ఉన్న ఎయిర్‌పోర్టుకు వెళ్తారు. రేడియోలో మాటలు వరసగా వచ్చిపడుతుంటే అక్కడ గొంతు తడారిపోతుంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లు అడిగేవి, వాళ్ల అమ్మానాన్నలు అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలు, తాజా ఏఐపీ (ఎయిర్‌పోర్టుల అధికారిక సమాచార పుస్తకం), నోటామ్‌లు (తాజా మార్పుల గురించి పైలట్లకు ఇచ్చే నోటీసులు), మీ ఇన్‌స్ట్రక్టర్ మాట: వీటిలో దేనితోనైనా ఈ పేజీ తేడాగా అనిపిస్తే వాటినే పట్టుకోండి.

టవర్ ఉంటే పైలట్‌కి పని తగ్గుతుందా?

పని మారుతుంది, తగ్గదు. టవర్ లేని చోట అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నారో చెప్పుకుంటూ, ఒకరినొకరు చూసుకుంటూ దిగుతారు. టవర్ ఉన్న చోట రన్‌వే కంట్రోలర్ అధీనంలో ఉంటుంది. వాళ్లు అనుమతి ఇవ్వనిదే రన్‌వే మీదికి ముందు చక్రం కూడా వెళ్లకూడదు. విమానాన్ని నడిపే బాధ్యత మాత్రం ఎప్పటికీ పైలట్‌దే. వీఎఫ్ఆర్‌లో, అంటే బయటికి చూస్తూ ఎగురుతున్నప్పుడు, దగ్గరికొచ్చే విమానాన్ని కనిపెట్టి తప్పుకోవడం కూడా మీ పనే. టవర్ ఉంది కదా అని కళ్లు లోపల డయళ్లకే అప్పగించే విద్యార్థులను చూస్తుంటే నాకు భయమేస్తుంది.

పెద్ద ఎయిర్‌పోర్టుల్లో గ్రౌండ్, టవర్, అప్రోచ్ అని వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. రద్దీ తక్కువ ఉన్నచోట టవర్ కంట్రోలరే నేల మీద కదలికలు కూడా చూస్తారు. ఎవరితో ఎక్కడ మాట్లాడాలో ఏఐపీలో రాసి ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీలను మోకాలి మీద పెట్టుకునే కాగితంలో రాసుకోకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.

రేణిగుంట గురించి ముందుగా తెలుసుకోవాల్సినవి ఏంటి?

తిరుపతి ఎయిర్‌పోర్టు రేణిగుంటలో, ఊరికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. టికెట్ మీద కనిపించే కోడ్ టీఐఆర్. ఫ్లైట్ ప్లాన్‌లో రాయాల్సింది వీఓటీపీ. రన్‌వే 08/26. అంటే ఒక కొస నుంచి కంపాస్ సుమారు 80 డిగ్రీలు, రెండో కొస నుంచి 260 చూపిస్తుంది. సముద్రమట్టం నుంచి ఎత్తు దాదాపు 350 అడుగులు. పైన ఆకాశం చెన్నై ఎఫ్ఐఆర్ (చెన్నై నుంచి చూసుకునే గగనతల విభాగం) పరిధిలోకి వస్తుంది. ఇది రన్‌వే పొడిగింపు పనులు చేపట్టిన ఎయిర్‌పోర్టు కాబట్టి, సీనియర్లు ఇచ్చిన పాత నోట్సులోని పొడవు మీద లెక్క కట్టకండి. ఆ రోజు ఏఐపీలో, నోటామ్‌లో ఏముందో అదే లెక్క.

ఇక అందరికీ తెలిసిందే, కొండలు. పడమర, వాయవ్య దిక్కుల్లో శేషాచలం గోడలా లేచి ఉంటుంది. రన్‌వే 26 నుంచి గాల్లోకి లేస్తే ముక్కు అటువైపే ఉంటుంది. పగటిపూట ఆకాశం నిర్మలంగా ఉంటే ఇబ్బంది లేదు. మబ్బు కొండ నెత్తిన కూర్చున్న రోజు, లేదా సాయంత్రం ఎండ సూటిగా కళ్లలో పడే వేళ, ఎటు తిరగాలో ఏ ఎత్తుకు ముందు చేరాలో నేల మీదే తేల్చుకుని ఉండాలి. టవర్ చెప్పిన మలుపు మిమ్మల్ని కొండ వైపు తీసుకెళ్తోందనిపిస్తే వెంటనే అడగండి. వీఎఫ్ఆర్‌లో నేలకు, కొండకు తగలకుండా చూసుకునే బాధ్యత మీదే.

తిరుమల కొండ మీదుగా ఎగరొచ్చా?

స్వామివారి ఆలయం మీదుగా విమానాలు వెళ్లకూడదని టీటీడీ కేంద్రాన్ని పలుమార్లు కోరింది. మీరు ఎగిరే రోజుకు అధికారికంగా ఏముందో ఏఐపీ, నోటామ్‌లో చూసి, కంట్రోలర్ ఇచ్చిన దారిలోనే వెళ్లండి. ఇంట్లోవాళ్లకు పైనుంచి గోపురం ఫొటో తీసి పంపాలనే కోరికతో దారి మళ్లించడం మాత్రం వద్దే వద్దు. భక్తుల మనోభావాలు ఒక కారణం. ఒంటరిగా ఉన్న విద్యార్థి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని కొండ అంచున మలుపు తిరగడం రెండో కారణం.

మే నెల ఎండలో టవర్ క్లియరెన్స్ ఇచ్చినా ఆలోచించాలా?

తప్పకుండా. మీ విమానం ఆ వేడిలో లేస్తుందా లేదా అన్నది టవర్ చూడదు, అది మీ లెక్క.

రేణిగుంటలో 42 డిగ్రీలు ఉందనుకోండి. 350 అడుగుల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీల చిల్లర. అంటే 28 డిగ్రీల దాకా ఎక్కువ. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున వేస్తే 3,300 అడుగులు, దానికి ఎయిర్‌పోర్టు ఎత్తు కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు, దాదాపు 3,700 అడుగులు. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు. అంటే మధ్యాహ్నం రేణిగుంట రన్‌వే మీద నిలబడ్డ మీ విమానం రెక్కకూ, ఇంజిన్‌కూ తాను కొండ కంటే పైన ఉన్నట్టే లెక్క. వేసవిలో పీడనం తక్కువగా ఉంటుంది గనుక అసలు అంకె ఇంకా పెరుగుతుంది. పరుగు పొడవవుతుంది, ఎక్కడం మందగిస్తుంది.

కాబట్టి రన్‌వే మధ్యలో కలిసే ట్యాక్సీవే (విమానాలు నేల మీద నడిచే దారి) నుంచి బయలుదేరతారా అని టవర్ అడిగితే, లెక్క సరిపోతేనే సరేననండి. పూర్తి పొడవు కావాలని అడగడానికి మొహమాటం దేనికి? ఆ రెండు నిమిషాల ఆలస్యానికి కంట్రోలర్ ఏమీ అనుకోరు.

బయలుదేరే ముందు చేతిలో ఏముండాలి?

లైసెన్సులు, విమానం పత్రాలు, వాతావరణ నివేదిక, నోటామ్‌లు, బరువు లెక్క. వీటితోపాటు మన దేశంలో ఫ్లైట్ ప్లాన్ వేశాక ఏడీసీ నంబరు, ఎఫ్ఐసీ నంబరు తీసుకోవాలి. మొదటిది వైమానిక రక్షణ అనుమతి. రెండోది ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చేది. టవర్ వీటిని అడుగుతుంది. అప్పుడు వాట్సాప్‌లో వెతుక్కోకుండా కాగితం మీద పెద్ద అంకెలతో రాసి పెట్టుకోండి.

మొదటి పిలుపు ఎలా ఉండాలి?

ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఏం కావాలి. ఈ నాలుగూ ఈ వరసలో చెబితే చాలు. బటన్ నొక్కే ముందు ఒక్క క్షణం వినండి, వేరే సంభాషణ నడుస్తుంటే దాని మధ్యలో దూరకండి.

ఊహించుకున్న రిజిస్ట్రేషన్‌తో, ఊహించుకున్న ట్యాక్సీవేతో ఒక ఉదాహరణ, ముందు పైలట్, తర్వాత కంట్రోలర్ (ఏప్రన్ అంటే విమానాలు నిలిపే చోటు, ట్యాక్సీ అంటే నేల మీద నడపడం, హోల్డింగ్ పాయింట్ అంటే రన్‌వే ముందు ఆగే చోటు, క్యూఎన్‌హెచ్ అంటే ఎత్తు చూపే మీటరును సరిచేసుకోవడానికి ఇచ్చే పీడనం అంకె):

"తిరుపతి టవర్, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రేవో చార్లీ, సెస్నా వన్ సెవెన్ టూ, ఆన్ ఏప్రన్, రిక్వెస్ట్ ట్యాక్సీ."

"విక్టర్ టాంగో ఆల్ఫా బ్రేవో చార్లీ, ట్యాక్సీ టు హోల్డింగ్ పాయింట్ రన్‌వే జీరో ఎయిట్ వయా ఆల్ఫా, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో సిక్స్."

పిలుపు పేరును (కాల్‌సైన్) మీ అంతట మీరు కుదించకూడదు. కంట్రోలర్ ముందుగా 'విక్టర్ బ్రేవో చార్లీ' అని చిన్నది చేస్తేనే మీరూ అలా వాడాలి. ఒకే శిక్షణ సంస్థ విమానాల పేర్లు చివరి ఒక్క అక్షరంలోనే తేడాగా ఉంటాయి. ఆ తేడా వినబడకపోతే వేరొకరికి ఇచ్చిన అనుమతిని మీరు తీసుకుంటారు.

కంట్రోలర్ మన తెలుగువారే అయితే తెలుగులో అడగొచ్చా?

వద్దు. మీ ఇద్దరికీ అర్థమవుతుంది, నిజమే. అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న ఎయిర్‌లైన్ పైలట్ ఢిల్లీవాడు కావొచ్చు, కేరళవాడు కావొచ్చు. మీరు ఫైనల్‌లో (రన్‌వేకు సూటిగా దిగే చివరి దారిలో) ఉన్నారని అతనికి తెలిసేది మీ మాట విన్నప్పుడే. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ విమానం, కజకస్థాన్ విమానం గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. కజకస్థాన్ విమానానికి ఇచ్చిన ఎత్తు 15,000 అడుగులు. అది అంతకంటే కిందికి దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడాన్ని విచారణ ఎత్తిచూపింది.

ఇంగ్లిష్ అంటే గొప్పగా మాట్లాడటం అనుకోకండి. కావాల్సింది ప్రామాణిక పదాలు, నిదానం. మూడును 'ట్రీ' అని, అయిదును 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకడం వేషం కాదు, గరగరల మధ్య కూడా తెలియడానికే. పల్లె బడిలో తెలుగు మీడియం చదివిన పిల్లలు ఈ పదజాలాన్ని శుభ్రంగా పట్టుకోవడం, పట్నం కాన్వెంట్ పిల్లలు గడగడా మాట్లాడి తడబడటం, రెండూ చూశాను. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) భాషా ప్రమాణంలో 4వ స్థాయి ఉండాలి. అది సాధనతో వచ్చేదే.

చెప్పినదంతా తిరిగి చెప్పాలా? 'రోజర్' అంటే సరిపోదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

'రోజర్' అంటే మీ మాట మొత్తం నాకు అందింది అని మాత్రమే. ఏం అందిందో అది చెప్పదు. రన్‌వే మీదికి వెళ్లడం, దిగడం, లేవడం, దాటడం, రన్‌వే ముందు ఆగడం, రన్‌వే మీద వెనక్కి నడపడం, ఏ రన్‌వే వాడుతున్నారు, క్యూఎన్‌హెచ్, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌లో మిమ్మల్ని చూపించే పరికరం) కోడ్, ఎత్తు, దిశ, వేగం, దారి: వీటిని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి, చివర మీ పిలుపు పేరుతో. మీరు తిరిగి చెప్పేటప్పుడు కంట్రోలర్ వింటారు. తప్పుంటే దిద్దుతారు. ఆ దిద్దే అవకాశం రోజర్‌లో లేదు.

1977 మార్చి 27న టెనెరిఫేలో ఏం జరిగిందో ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు, ఒకటి కేఎల్ఎంది, ఇంకొకటి ప్యాన్ యామ్‌ది. కేఎల్ఎం విమానానికి ఎగిరాక వెళ్లాల్సిన దారి చెప్పారు, లేవడానికి అనుమతి ఇంకా ఇవ్వలేదు. దారి తిరిగి చెప్పిన కో పైలట్ చివర్లో 'వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్' అన్న అర్థంలో ఒక మాట అన్నాడు. రన్‌వే కొసన నిలబడి ఉన్నామంటున్నాడని కంట్రోలర్ అనుకున్నారు. విమానం అప్పటికే కదిలింది. 'ఆగండి, నేను పిలుస్తాను' అన్న కంట్రోలర్ మాటా, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న ప్యాన్ యామ్ మాటా ఒకేసారి వచ్చి కీచుమన్న శబ్దమైపోయాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రాణనష్టం జరిగిన విమాన ప్రమాదం వేరే లేదు.

ఆ తర్వాతే 'టేకాఫ్' అన్న మాటకు కట్టుబాటు వచ్చింది. లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప ఆ మాట వాడరు. మిగతా అన్ని చోట్లా 'డిపార్చర్' అంటారు. కాబట్టి మీరు సిద్ధంగా ఉన్నప్పుడు 'రెడీ ఫర్ డిపార్చర్' అనండి. టేకాఫ్ అన్న మాట ముందు కంట్రోలర్ నోట రావాలి.

'హోల్డ్ షార్ట్', 'లైన్ అప్ అండ్ వెయిట్' మధ్య కంగారు పడుతున్నాను. ఎలా?

'హోల్డ్ షార్ట్' అంటే రన్‌వే బయట, గీత వెనకే ఆగండి. 'లైన్ అప్ అండ్ వెయిట్' అంటే రన్‌వే మీదికి వచ్చి మధ్య గీతకు సరిచేసుకుని ఆగండి, పరుగు మాత్రం మొదలుపెట్టొద్దు. 'క్లియర్డ్ ఫర్ టేకాఫ్' వినబడితేనే పరుగు.

కంట్రోలర్ మీకు వరసలో మొదటి స్థానం చెప్పినంత మాత్రాన రన్‌వే మీదికి రమ్మన్నట్టు కాదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో కోస్ట్ గార్డ్ విమానానికి 'నంబర్ వన్' అని చెప్పి, హోల్డింగ్ పాయింట్ దాకా రమ్మన్నారు. అది రన్‌వే మీదికి వెళ్లి ఆగింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దాన్ని ఢీకొంది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు. కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. వాళ్లు భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్తున్నవాళ్లు.

రన్‌వే మీదికి కదిలే ముందు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉన్నా లేకున్నా పైకి చెప్పుకోండి: 'రన్‌వే మీదికి అనుమతి వచ్చింది, ఫైనల్ ఖాళీ, రన్‌వే ఖాళీ.' తల తిప్పి నిజంగా ఫైనల్ వైపు చూడండి. రన్‌వే మీద లైన్ అప్ అయి ఎంతసేపటికీ పిలుపు రాకపోతే ఊరుకోకండి, ఇక్కడే ఉన్నానని గుర్తు చేయండి.

ఆగాల్సిన గీత ఎలా గుర్తుపట్టాలి?

ట్యాక్సీవే రన్‌వేను కలిసే ముందు పసుపు రంగులో నాలుగు గీతలు అడ్డంగా ఉంటాయి. మీవైపు రెండూ తెగకుండా సాగేవి, రన్‌వే వైపు రెండూ తెగి తెగి ఉండేవి. నిండు గీతలు ముందు కనిపిస్తే అనుమతి లేకుండా దాటకూడదు. దిగి బయటికొచ్చేటప్పుడు ముందు తెగిన గీతలు కనిపిస్తాయి. విమానం తోకతో సహా మొత్తం ఆ గీతలు దాటాకే రన్‌వే ఖాళీ చేసినట్టు. పక్కనే ఎర్ర పలక మీద తెల్ల అంకెలతో రన్‌వే నంబరు ఉంటుంది. కొన్ని చోట్ల నేలలో ఎర్ర దీపాల వరస కూడా ఉంటుంది. అది వెలుగుతుండగా, క్లియరెన్స్ వినబడినా దాటొద్దు, అడగండి. రాత్రి ట్యాక్సీవే అంచు దీపాలు నీలం, మధ్య గీత దీపాలు ఆకుపచ్చ.

ట్యాక్సీ చేస్తూ దారి తప్పితే?

ఆగండి. ఆగి చెప్పండి. ముందు కొంచెం వెళ్తే తెలుస్తుందేమో అనుకోవడమే ప్రమాదం. 2001 అక్టోబరు 8న మిలాన్‌లోని లినాటేలో దట్టమైన పొగమంచులో ఒక చిన్న జెట్ తప్పు ట్యాక్సీవే పట్టి, లేస్తున్న ఎండీ-87 విమానం ముందు రన్‌వే మీదికి వచ్చేసింది. 118 మంది చనిపోయారు.

దీనికి ఒక మినహాయింపు ఉంది: మీరు రన్‌వే మీదే ఉన్నారేమోనని అనుమానం వస్తే అక్కడ ఆగిపోకూడదు. వెంటనే టవర్‌కు చెప్పి, దగ్గరి ట్యాక్సీవేలోకి వెళ్లి, అప్పుడు ఆగండి. కొత్త ఎయిర్‌పోర్టులో దారి తెలియకపోతే మొదటి పిలుపులోనే కొత్తవాడినని చెప్పి, నిదానంగా దారి చెప్పమని అడగొచ్చు. ట్యాక్సీ చేసేటప్పుడు చెక్‌లిస్టు చదవడం, ఫోన్ చూడటం మానేయండి. ఆగినప్పుడు చదువుకోవచ్చు.

మన ముందు ఎయిర్‌బస్ దిగింది. ఎంత దూరం ఉండాలి?

మీ సెస్నా 172 బరువు టన్ను పైచిలుకు. ఏ320, బోయింగ్ 737, ఏటీఆర్ 72, ఇవన్నీ మధ్యస్థ తరగతి, అంటే 7,000 కిలోలకు పైన 1,36,000 కిలోలకు లోపు. వాటి రెక్కల కొసల నుంచి గాలి సుడులు తిరుగుతూ కిందికి దిగుతాయి. కంటికి కనిపించవు. గాలి గట్టిగా వీస్తే చెదిరిపోతాయి, పక్కనుంచి మెల్లగా వీస్తే ఒక సుడి రన్‌వే మీదే వేలాడుతుంది.

ఐకావో లెక్క ప్రకారం మధ్యస్థ విమానం తర్వాత దిగే తేలిక విమానానికి 3 నిమిషాలు, అదే చోటు నుంచి లేచేదానికి 2 నిమిషాలు, రన్‌వే మధ్యనుంచి లేచేదానికి 3 నిమిషాలు ఎడం ఉండాలి. ముందు విమానాన్ని చూశానని చెప్పి, దాని వెనక మీరే దూరం చూసుకుంటానని ఒప్పుకుంటే ఆ జాగ్రత్త మీ మీద పడుతుంది. అప్పుడు దాని దారికంటే పైన ఉంటూ, అది నేల తాకిన చోటు దాటాక తాకండి. లేచేటప్పుడు అది ముక్కెత్తిన చోటుకంటే ముందే మీరు లేవాలి. ఏమాత్రం అనుమానమున్నా ఇంకో రెండు నిమిషాలు అడగండి. ఇందులో ధైర్యం చూపించాల్సింది ఏమీ లేదు.

టవర్ చెప్పింది నేను చేయలేకపోతే?

'అనేబుల్' అనండి. ఒక్క మాట, తర్వాత కారణం చిన్నగా. వెనక జెట్ వస్తోంది, వేగంగా రన్‌వే ఖాళీ చేయమన్నారనుకోండి. మీ వేగం ఇంకా తగ్గలేదు. మలుపులో టైరు జారి పచ్చిక మీదికి పోయేకంటే 'అనేబుల్' చెప్పి తర్వాతి మలుపులో బయటికి రండి. వెనకాల జెట్‌ను ఏం చేయాలో కంట్రోలర్‌కు తెలుసు.

మన పెంపకంలో పెద్దవాళ్లు చెబితే కాదనకూడదని నేర్పుతారు. ఇంట్లో అది మంచిదే. కాక్‌పిట్‌లో మాత్రం కాదనాల్సిన చోట కాదనడమే కంట్రోలర్‌కు మీరిచ్చే గౌరవం. ఆమెకో ఆయనకో మీ నిజ పరిస్థితి తెలిస్తేనే మిగతావాళ్లను సర్దగలరు. అర్థం కాకపోతే 'సే అగైన్' అనండి. రెండోసారీ అర్థం కాకపోతే రెండోసారీ అనండి.

గో ఎరౌండ్ చేస్తే టవర్‌లో కోప్పడతారా?

కోప్పడరు. రన్‌వే మీద కుక్క కనిపించినా, ముందు విమానం ఇంకా బయటికి రాకపోయినా, మీ అప్రోచ్ కుదురుగా లేకపోయినా, పూర్తి పవర్ పెట్టి మళ్లీ ఎక్కండి. మొదట మీ విమానాన్ని సరిచేసుకుని ఆ తర్వాత చెప్పండి. 'క్లియర్డ్ టు ల్యాండ్' వచ్చాక కూడా దిగకుండా ఉండే హక్కు మీకుంది. టవరే గో ఎరౌండ్ చెబితే ఎందుకని అప్పుడు అడగొద్దు. చేసేయండి.

వానాకాలంలో?

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే గంటల్లో పరిస్థితి తారుమారవుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరదలో మునిగిన రోజులు అందరికీ గుర్తే. కంట్రోల్ జోన్‌లో (ఎయిర్‌పోర్టు చుట్టూ కంట్రోలర్ల అధీనంలో ఉండే గగనతలంలో) వీఎఫ్ఆర్‌కు కనీసం 5 కిలోమీటర్ల దృశ్యత, 1,500 అడుగుల మబ్బు ఎత్తు ఉండాలి. అంతకంటే తక్కువైతే స్పెషల్ వీఎఫ్ఆర్ అని, కంట్రోలర్ ప్రత్యేక అనుమతితో ఎగిరేది ఒకటుంది. సోలో విద్యార్థి దాని గురించి ఆలోచించకూడదని నా గట్టి అభిప్రాయం. వెనక్కి తిరగండి, లేదా లేవకండి. కొండ కనిపించడం మానేసిందంటే మీకు కావాల్సిన వాతావరణ నివేదిక అందినట్టే.

సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) ఉండగా రేడియో పోయింది. ఏం చేయాలి?

ముందు వాల్యూమ్, హెడ్‌సెట్ ప్లగ్, ఫ్రీక్వెన్సీ, రెండో రేడియో చూడండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టి, సర్క్యూట్‌లో ఉన్న మిగతావాళ్లను కనిపెడుతూ టవర్ వైపు చూడండి. వాళ్లు దీపంతో చెబుతారు.

గాల్లో ఉన్నప్పుడు: నిలకడగా ఆకుపచ్చ అంటే దిగొచ్చు. నిలకడగా ఎరుపు అంటే వేరే విమానానికి దారిచ్చి చుట్టూ తిరగండి. మినుకుమినుకు ఆకుపచ్చ అంటే దిగడానికి తిరిగి రండి. మినుకుమినుకు ఎరుపు అంటే ఎయిర్‌పోర్టు క్షేమంగా లేదు, దిగొద్దు. మినుకుమినుకు తెలుపు అంటే ఇక్కడే దిగి ఏప్రన్‌కు వెళ్లండి.

నేల మీద ఉన్నప్పుడు అర్థాలు మారతాయి. నిలకడగా ఆకుపచ్చ టేకాఫ్‌కు అనుమతి, మినుకుమినుకు ఆకుపచ్చ ట్యాక్సీకి అనుమతి. నిలకడగా ఎరుపు ఆగమని, మినుకుమినుకు ఎరుపు రన్‌వే ప్రాంతం నుంచి తప్పుకోమని. మినుకుమినుకు తెలుపు బయలుదేరిన చోటికి వెనక్కి రమ్మని. చూశానని చెప్పడానికి పగలు గాల్లో రెక్కలు ఊపండి. నేల మీదైతే ఐలరాన్లో (రెక్కల అంచు పలకలు) రడ్డరో (తోక పలక) కదపండి. పరీక్షలో వస్తుందని బట్టీపట్టి మరిచిపోయే పాఠం ఇది. చిన్న అట్ట మీద రాసి విమానంలో పెట్టుకోండి.

ఇంజిన్ మొరాయిస్తే మేడే అనడానికి సంకోచం. అతి చేశానంటారేమో?

ఎవరూ అనరు. ముందు విమానాన్ని ఎగరనివ్వండి, తర్వాత ఎటు వెళ్లాలో చూడండి, ఆ తర్వాత మాట్లాడండి. ప్రాణాపాయమైతే 'మేడే' మూడుసార్లు. తొందర ఉంది గానీ అప్పటికప్పుడు ప్రమాదం లేదంటే 'ప్యాన్ ప్యాన్' మూడుసార్లు. కోడ్ 7700. మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే చెప్పండి, ఎవరూ పలకకపోతే 121.5. మీరు ఆ మాట అన్న క్షణం నుంచి కంట్రోలర్ మిగతా విమానాలను పక్కకు జరిపి, ఫైర్ సిబ్బందిని లేపుతారు. ఆ మాట అనకుండా 'చిన్న సమస్య ఉంది' అని నసిగితే ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

మాది రేణిగుంట దగ్గరే. పెళ్లికి డ్రోన్ ఎగరేయొచ్చా?

ఇది పైలట్ల ప్రశ్న కాదు గానీ, అడిగేవాళ్లు ఎక్కువ. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు 200 అడుగుల వరకే అనుమతి అక్కర్లేని హరిత ప్రాంతం. అంతకంటే దగ్గరైతే ముందస్తు అనుమతి ఉండాలి. డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వ వెబ్‌సైట్) పటంలో మీ కల్యాణ మండపం ఎక్కడ పడుతుందో చూడండి. ఫైనల్‌లో దిగే విమానం అక్కడ కొన్ని వందల అడుగుల ఎత్తులోనే ఉంటుంది. ఫొటోగ్రాఫర్‌కు తెలియకపోతే మీరు చెప్పండి. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల మాంసం వ్యర్థాలు పారబోయడం కూడా అంతే ప్రమాదం. గద్దలు వస్తాయి, ఇంజిన్‌లో పడతాయి.

సెలవుల్లో ఇంటి దగ్గర ఏం సాధన చేయొచ్చు?

స్కానర్ కొని టవర్ మాటలు వినాలనుకోకండి. లైసెన్సు లేని రేడియో పరికరాలు పెట్టుకుంటే చట్టంతో చిక్కు. అంతకంటే మంచి పద్ధతి ఉంది. మిద్దె మీద ముగ్గుపిండితో మీరు వెళ్లబోయే ఎయిర్‌పోర్టు పటం గీయండి: రన్‌వే, ట్యాక్సీవేలు, ఏప్రన్, ప్రతి కూడలిలో ఆగే గీతలు. తమ్ముడినో చెల్లినో పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చి కంట్రోలర్‌ని చేయండి. వాళ్లు చదివింది మీరు తిరిగి చెప్పి, ఆ దారిలో నడవండి. మధ్యమధ్యలో కావాలని తప్పు అంకె చదవమనండి, పట్టుకోగలరో లేదో చూసుకోండి. మీరు తిరిగి చెప్పకుండా అడుగేస్తే మళ్లీ ఏప్రన్ నుంచి మొదలుపెట్టించమనండి. రెండు సాయంత్రాలు ఇలా చేస్తే, నిండు గీతల దగ్గర కాళ్లు వాటంతటవే ఆగుతాయి.